కాలు పోగొట్టుకున్న సైనికుడికి ఆటలు నిజంగా ఉపయోగపడతాయా? ఎలా మొదలుపెట్టాలి?

సైనికుడి అక్క:
మా తమ్ముడు సైన్యంలో పనిచేశాడు. మందుపాతర పేలి ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. గాయం మానింది, కృత్రిమ కాలు పెట్టారు, నడుస్తున్నాడు కూడా. నడక వస్తే మామూలు మనిషి అవుతాడని మేమంతా ఆశపడ్డాం కానీ రోజంతా గది దాటి రాడు, రాత్రిళ్లు నిద్ర లేదు, లేని పాదం మండుతోందంటాడు. ఫిజియో ఏదైనా ఆట మొదలుపెట్టమన్నారు. గాయానికి ముందు యూనిట్ జట్టులో వాలీబాల్ బాగా ఆడేవాడు, ఇప్పుడు ఆ మాటెత్తితే "జాలిపడి చప్పట్లు కొట్టే ఆటలు నాకొద్దు" అంటున్నాడు. అమ్మకేమో మళ్లీ పడతాడేమోనని టెన్షన్. ఇది నిజంగా వైద్యమేనా, లేక కాలక్షేపానికి చెప్పే మాటా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పునరావాస ఫిజియో:
వైద్యమే అండీ. అసలు ఇది పుట్టిందే ఆసుపత్రిలో. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్‌లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం వార్డు తెరిచారు. అప్పట్లో అలాంటి గాయమైతే పడక పుండ్లతో, మూత్ర ఇన్‌ఫెక్షన్లతో కొద్దికాలానికే చాలామంది చనిపోయేవారు. ఆయన వాళ్లను మంచానికి వదిలేయకుండా ఆటల్లోకి దించారు. విల్లు లాగాలంటే భుజాలు, వీపు గట్టిపడాలి, కూర్చున్నచోట నడుము నిలవాలి, అంటే వ్యాయామంగా చేయించాల్సిందంతా అందులోనే ఉంది. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఆ ఆసుపత్రి ఆవరణలో గాయపడిన మాజీ సైనికులు 16 మంది, వారిలో ఇద్దరు మహిళలు, విలువిద్యలో పోటీపడ్డారు. పారాలింపిక్స్‌కి మూలం అదే.

ఇక మీ తమ్ముడి సంగతి. ముందు చూడాల్సింది స్టంప్, అంటే కాలు తీసేశాక మిగిలిన భాగం. చెమట పడుతుంది, స్టంప్ సైజు ఒక్క రోజులోనే మారుతుంది, దాంతో సాకెట్ (కృత్రిమ కాలిలో స్టంప్ దూరే భాగం) వదులై చర్మం ఒరుసుకుపోతుంది. ఆడగానే లైనర్ (స్టంప్ మీద వేసుకునే మెత్తటి తొడుగు) తీసి తుడిచి, కంటికి ఆనని కింది భాగాన్ని అద్దం పెట్టి చూసుకోవాలి. ఎర్రదనం పది పదిహేను నిమిషాల్లో పోతే ఫర్వాలేదు. పోకపోయినా, బొబ్బ వచ్చినా కృత్రిమ కాలు పెట్టుకోవడం ఆపి, దాన్ని తయారుచేసిన నిపుణుడికి, అంటే ప్రోస్థటిస్ట్‌కి చూపించండి. ఓర్చుకుని ఆడటం సైనికులకు అలవాటు, ఇక్కడ మాత్రం అదే చేటు చేస్తుంది. రోజూ నడిచే కాలుతో పరుగు పందేలకు దిగనివ్వొద్దు, పరుగుకి వాడే వంపు తిరిగిన కృత్రిమ కాలు (బ్లేడు) వేరు. లేని పాదం మంట ఆటలతో పోతుందని నేను మాటివ్వలేను, దానికి మందులు, మిర్రర్ థెరపీ (ఉన్న కాలిని అద్దంలో చూసుకుంటూ చేసే చికిత్స) గురించి డాక్టర్‌తో విడిగా మాట్లాడండి.

వీల్‌చైర్ జవాన్:
చెల్లెమ్మా, మీ తమ్ముడి కోపం నాకు బాగా తెలుసు. నాకు నడుము కింద స్పర్శ లేదు, వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ ఆడతాను. జాలి అనేది చూసేవాళ్ల దగ్గర ఉంటుంది, కోర్టులో ఉండదు. ఎదుటివాడు కుర్చీతో గుద్ది బంతి లాక్కుపోయినప్పుడు వాడి మీద కోపం వస్తుంది చూడండి, గాయమయ్యాక నన్ను ఎవరైనా సమానంగా చూశారని నాకు మొదట అనిపించింది అప్పుడే.

వాలీబాలే ఇష్టమైతే సిట్టింగ్ వాలీబాల్ ఉంది. కృత్రిమ కాలు తీసి పక్కన పెట్టి నేల మీద కూర్చుని ఆడతారు. బంతిని కొట్టేటప్పుడు పిరుదులు నేలను వదలకూడదు. చేతులతోనే కదలాలి, చేతులతోనే కొట్టాలి. రెండు కాళ్లూ ఉన్న ఆటగాడిని తెచ్చి కూర్చోబెట్టినా మొదట్లో ఆయాసపడతాడు.

మన సైన్యంలోనే ఇద్దరున్నారు. ముర్లీకాంత్ పేట్కర్ 1965 యుద్ధంలో తూటాలు తగిలి, ఈతలోకి వచ్చి 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచారు. హొకాటో సెమా 2002లో మందుపాతర వల్ల కాలు పోగొట్టుకున్నారు, షాట్‌పుట్ పట్టింది మాత్రం 2016లో, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం వచ్చింది 2024లో. ఈ రెండో కథలో పతకం కన్నా ఆ మధ్యలోని పద్నాలుగేళ్లు చూడండి. మీ వాడు ఇవాళ వద్దంటే వద్దననివ్వండి, తలుపు మాత్రం తెరిచి ఉంచండి. పతకాల కథలు చెప్పి మీదెక్కితే ఇంకా ముడుచుకుంటాడు.

జవాన్ భార్య:
అక్కా, మా ఆయనకి బయటికి కనిపించే గాయం లేదు. పేలుడు దగ్గరగా జరిగింది, ఆ తర్వాత నిద్ర, కోపం, ఉలికిపాటు. జనం, ఈలలు ఉండే ఆటల హాలు ఆయనకి సరిపడలేదు. గాయపడిన తోటివాళ్లు నలుగురైదుగురితో కొండ నడకకి వెళ్లడం సరిపడింది. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని మనిషి, పక్కపక్కన నడుస్తున్నప్పుడు మాట్లాడాడు. అయితే క్యాంపు అయిపోయి ఇంటికి రాగానే ఆ ఉత్సాహం తగ్గిపోతుంది. అందుకే ఏడాదికోసారి పెద్ద సాహసయాత్ర కన్నా వారం వారం ఒకే గుంపుతో కలిసే చిన్న నడకే మేలని నా నమ్మకం. మానసిక వైద్యం ఆపలేదు, ఆపకూడదు కూడా.

ఒక్క జాగ్రత్త. మందుపాతర పేలుడంటే తలకి పైకి దెబ్బ కనిపించకపోయినా లోపల తగిలి ఉండొచ్చు. తలనొప్పి, కళ్లు తిరగడం, ఫిట్స్ ఏమైనా ఉన్నాయేమో డాక్టర్‌తో తేల్చుకున్నాకే సైకిల్, ఈత. నీళ్లలోకి ఒంటరిగా అసలు వద్దు.

సైనికుడి అక్క:
అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. ఆడతానని అనలేదు. కాసేపు ఊరుకుని "నెట్ ఎంత ఎత్తులో కడతారట?" అని అడిగాడు. నాకు తెలియదు, ఎవరైనా చెప్తారా?

వీల్‌చైర్ జవాన్:
మగవాళ్లకి 1.15 మీటర్లు. కోర్టు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, మామూలు కోర్టుకన్నా చాలా చిన్నది, అందుకే బంతి రెట్టింపు వేగంతో వచ్చినట్టుంటుంది. ఇంకో మాట కూడా చెప్పండి, ఇందులో ఎదుటివాళ్ల సర్వీసును బ్లాక్ చేయొచ్చు, అంటే నెట్ దగ్గరే చేతులతో అడ్డుకోవచ్చు. నిలబడి ఆడే ఆటలో అది కుదరదు కదా, వాలీబాల్ ఆడినవాడికి అదేంటో వెంటనే అర్థమవుతుంది.