అప్‌డేట్: టవర్ క్రేన్ 10 టన్నులదా, 16 టన్నులదా?

నార్సింగిలో మా సైటుకి ఏ క్రేన్ తీసుకోవాలని మొన్న అడిగాను కదా, 16 టన్నులదే ఖాయం చేశాం. లోడ్ చార్ట్ (ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తగలదో చెప్పే పట్టిక) ముందు పెట్టుకుని చూడమన్నవాళ్ళకి నిజంగా రుణపడి ఉన్నాను.

10 టన్నులనేది ఆ క్రేన్ మాస్ట్ (నిలువు స్తంభం) దగ్గర ఎత్తగలిగే బరువు మాత్రమే. మా ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చే కాంక్రీటు) మెట్ల ముక్క 6.2 టన్నులు, దాన్ని కట్టి ఎత్తే స్లింగులు, వాటిని ఎడంగా పట్టి ఉంచే స్ప్రెడర్ బీమ్ కలిపితే 6.7. దాన్ని దించాల్సింది మాస్ట్ నుంచి 38 మీటర్ల దూరంలో. అక్కడ చిన్న క్రేన్ చార్ట్‌లో ఉన్నది 4.8! ఆ అంకె మీద వేలు పెట్టి ఇంజనీరుకి చూపిస్తుంటే నాకు చెమటలు పట్టాయి. పెద్దదాని చార్ట్‌లో అదే దూరానికి 7.4 ఉంది.

అద్దె ఎక్కువే. పునాది కూడా పెద్దది పోయాలి, డ్రాయింగ్ మళ్ళీ వేయించాం. కొక్కేన్ని నాలుగు తాళ్ళ మీద ఎత్తితే వేగం సగానికి పడిపోతుంది కాబట్టి చిన్న సామాన్లకి రెండు తాళ్ళే వాడమన్నారు.

రాత్రి పని ఆపాక జిబ్ (క్రేన్ పైన అడ్డంగా ఉండే పొడవాటి చెయ్యి) గాలివాటున తిరిగేలా బ్రేక్ వదిలెయ్యాలన్న మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అలా తిరిగినప్పుడు పక్క అపార్ట్‌మెంట్‌కి తగలకుండా మాస్ట్‌ని నాలుగు మీటర్లు లోపలికి జరిపాం.

వచ్చే వారం నిలబెడుతున్నారు. టెస్ట్ లోడ్ ఎత్తే రోజు నేను అక్కడే ఉంటాను.