స్క్రాచ్ కొడితే సౌండ్ లేటు, బఫర్ తగ్గిస్తే చిటపట

మిర్యాలగూడ డీజే:
అన్నలూ, వర్చువల్ డీజే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా, విండోస్ ల్యాప్‌టాప్, మామూలు యూఎస్‌బీ కంట్రోలర్. బరాత్‌లో స్క్రాచ్ కొడుతుంటే చెయ్యి ముందు పోతోంది, సౌండ్ వెనక వస్తోంది. తీన్మార్ మీద క్యూ బటన్ కొడితే దెబ్బ తప్పుతోంది. బఫర్ (సౌండ్ బయటికి పంపే ముందు ల్యాప్‌టాప్ పోగేసుకునే ముక్క) 1024 శాంపిల్స్ ఉంది. 128కి దించితే ఒకటే చిటపట, పెద్ద బాక్సుల్లో అయితే వినలేం. కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా? శనివారం దామరచర్లలో పెళ్లి ఉంది, టెన్షన్ అయితోంది.

పాలమూరు సౌండ్స్:
కొనకు తమ్మీ. మిక్సర్‌కి వైరు ఎక్కడి నుంచి తీస్తున్నావ్? ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ పిన్ను నుంచే అయితే విండోస్ మధ్యలో దూరి తన ఆలస్యం తను కలుపుతుంది. కంట్రోలర్ కంపెనీ సైట్‌లో ఏఎస్‌ఐఓ డ్రైవర్ (విండోస్ మిక్సర్‌ని దాటేసి సౌండ్‌ని నేరుగా పంపేది) ఉంటే వేసుకో, ఆడియో సెట్టింగ్స్‌లో దాన్నే ఎంచుకో, అవుట్‌పుట్ కంట్రోలర్ నుంచే తీయి. లేకపోతే ఏఎస్‌ఐఓ4ఆల్ ఉచితమే. లెక్క సింపుల్, బఫర్‌ని శాంపిల్ రేటుతో (సెకనుకి ఎన్ని శాంపిల్సో దాంతో) భాగించాలి: 44,100 దగ్గర 1024 అంటే 23 మిల్లీసెకన్లు, 256 అయితే 6 లోపే, 128 అంటే 3. దీనికి డ్రైవర్, కంట్రోలర్ ఆలస్యం కూడా కలుస్తుంది. నన్నడిగితే 256 చాలు, ఆ మిగతా మూడు మిల్లీసెకన్ల కోసం పెళ్లిలో చిటపట పెట్టుకోవద్దు.

దేవరకొండ నుంచి:
చిటపట అనగానే అందరూ ప్రాసెసర్‌ని తిడతారు గానీ చాలాసార్లు వేరే డ్రైవర్ ఏదో అడ్డం పడుతుంది. లేటెన్సీమాన్ అని ఉచితంగా దొరుకుతుంది, పాట పెట్టి కాసేపు నడిపిస్తే ఎవరు దొంగో పేరుతో సహా చెప్తుంది. ఎక్కువగా వైఫై డ్రైవరే. పవర్ ప్లాన్ హై పర్ఫార్మెన్స్‌లో పెట్టు, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (కరెంటు ఆదాకి పోర్టుని నిద్రపుచ్చే సెట్టింగ్) ఆఫ్ చెయ్యి. ఇంకోటి, జనరేటర్ మీద బాక్సుల్లో "గూం" అని వస్తోందని బండి మీద మనవాళ్లు ఛార్జర్ పీకేస్తారు కదా, బ్యాటరీ మీదికి రాగానే చాలా ల్యాప్‌టాప్‌లు స్పీడు తగ్గించుకుంటాయి. అప్పుడు కీ లాక్ (స్పీడు మార్చినా పాట శృతి మారకుండా ఉంచేది) కూడా ఆన్‌లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు, అది ప్రాసెసర్‌ని బాగా తింటుంది.

సూర్యాపేట భాయ్:
అంతా సరే, నువ్వు వినేది దేంట్లో? బాక్సులు నీకు 15 మీటర్ల ముందుంటే ఆ సౌండ్ నీ చెవికి రావడానికే 44 మిల్లీసెకన్లు పడుతుంది, దాన్ని ఏ సెట్టింగూ తగ్గించలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకో, లేదా పక్కన ఒక చిన్న మానిటర్ పెట్టించు. హెడ్‌ఫోన్ వైరుదే ఉండాలి. బ్లూటూత్‌తో స్క్రాచ్ కొట్టేవాళ్లకి నేను దండం పెడతా.

మిర్యాలగూడ డీజే:
హెడ్‌ఫోన్ వైరుదే అన్నా. కంట్రోలర్ డ్రైవర్ వేసి, వైఫై ఆపి, 256 పెట్టా, మస్తు సాఫ్‌గా నడుస్తోంది. కానీ వైఫై లేకపోతే పెళ్లివాళ్లు అప్పటికప్పుడు అడిగే పాటలు ఎట్లా?

దేవరకొండ నుంచి:
ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి నెట్ తీసుకో, పాట దిగాక పీకెయ్. కంట్రోలర్ ఉన్న హబ్‌లో మాత్రం గుచ్చకు, వేరే పోర్టులో పెట్టు.