విండోస్‌లో సాకెట్ ప్రోగ్రామ్ బిల్డ్ కావట్లేదు: కోడ్ మార్చాలా, లినక్స్‌కి వెళ్ళాలా?

రెండోబెంచి: నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో టీసీపీ ఎకో సర్వర్ (సాకెట్ అనే నెట్‌వర్క్ కనెక్షన్ మీద వచ్చిన మాటనే తిప్పి పంపే ప్రోగ్రామ్), సీ లాంగ్వేజీలో. మాన్యువల్‌లో ఉన్నది ఉన్నట్టు కొడితే సిస్/సాకెట్.హెచ్ అనే హెడర్ ఫైలే లేదంది. అది తీసి విండోస్‌ది విన్‌సాక్2.హెచ్ పెట్టాను. ఇప్పుడు డబ్ల్యూఎస్ఏ స్టార్టప్, సాకెట్, బైండ్ అన్నిటికీ 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంటోంది. విండోస్, మింగ్‌డబ్ల్యూ జీసీసీ కంపైలర్. ఎల్లుండి వైవా, టెన్షన్‌గా ఉంది.

పాతకాపు: పైన ప్రాగ్మా కామెంట్ లైన్‌లో డబ్ల్యూఎస్2_32.లిబ్ అని రాసెయ్. ఏళ్ళ తరబడి నేను చేసేది అదే.

పెంగ్విన్‌పక్షం: మాన్యువల్‌లోది లినక్స్ కోడ్. డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపేది) వేసుకుంటే ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. విండోస్‌తో కుస్తీ ఎందుకు?

కోడ్‌కూలి: పాతకాపు గారూ, ఆ ప్రాగ్మా విజువల్ స్టూడియో కంపైలర్‌కి. జీసీసీ దాన్ని పట్టించుకోదు, -వాల్ (వార్నింగులు చూపించే ఆప్షన్) పెడితే ఆ మాటే వార్నింగ్‌గా చెబుతుంది. తమ్ముడూ, ఫంక్షన్ ఎలా ఉంటుందో హెడర్ చెప్పింది, కంపైలర్ ఒప్పుకుంది. అసలు ఫంక్షన్ ఏ లైబ్రరీలో ఉందో, ముక్కలన్నీ కలిపే లింకర్‌కి నువ్వే చెప్పాలి. ఇలా కొట్టు: జీసీసీ సర్వర్.సి -ఓ సర్వర్ -ఎల్‌డబ్ల్యూఎస్2_32. ఆ లైబ్రరీ ఫ్లాగ్ చివర్లోనే ఉండాలి. ఫైల్ పేరు కంటే ముందు పెడితే, అప్పటికి దాంతో ఎవరికీ పనిలేదు కాబట్టి లింకర్ వదిలేసి పోతుంది. మళ్ళీ అదే ఎర్రర్.

పాతకాపు: నాకు పనిచేసింది మరి. జీసీసీ అని ముందే చెప్పాలి కదా.

కోడ్‌కూలి: చెప్పాడండీ. మొదటి పోస్టు చూడండి.

నీలిమేఘం: నాదీ ఇదే గోల. ఫాలోయింగ్.

పెంగ్విన్‌పక్షం: ఇక్కడితో అయిపోతుందా? క్లోజ్ బదులు క్లోజ్‌సాకెట్, రీడ్ బదులు రెసీవ్, ఎర్రర్ నంబర్‌కి వేరే ఫంక్షన్. విండోస్.హెచ్‌ని ముందు పెట్టావంటే అది పాత విన్‌సాక్.హెచ్‌ని లాక్కొచ్చి గొడవ పెడుతుంది, కంపైలర్‌ని బట్టి వార్నింగో, రీడెఫినిషన్ ఎర్రర్లో. సాకెట్లు వచ్చిందే 1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో, లినక్స్ ఆ యూనిక్స్ బాటలోదే. మా ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ కాకపోయినా ఔట్‌పుట్ రికార్డులో చేత్తో రాయించేవారు. ఉద్యోగంలో చేరాక, బిల్డ్ ఎలా చేయాలో రాసే మేక్‌ఫైల్ అంటే ఏంటో తెలీక నలుగురిలో నోరు మెదపలేకపోయాను. ఆ మంటతో చెబుతున్నా.

స్వరూప_ఈసీఈ: డబ్ల్యూఎస్ఎల్ వేసుకో అని ఎంత తేలిగ్గా అనేశారండీ! ల్యాబ్ మెషీన్‌కి అడ్మిన్ పాస్‌వర్డ్ మాకివ్వరు, పెన్‌డ్రైవ్ కూడా ఎక్కదు. ల్యాప్‌టాప్ లేనివాళ్ళు ఏం చేయాలి?

పెంగ్విన్‌పక్షం: కావాలనుకునేవాడికి దారి దొరుకుతుంది. సాకులు చెప్పేవాళ్ళకి ఏం చెప్పినా దండగే.

స్వరూప_ఈసీఈ: సాకులా? నెలనెలా జీతం పడేవాళ్ళకి అన్నీ సాకుల్లాగే కనిపిస్తాయి లెండి. ఫీజు కట్టడానికే మా నాన్న అప్పు చేశారు.

కోడ్‌కూలి: ఇద్దరూ కాస్త ఆగండి. అడిగింది ఒక ఫ్లాగ్ గురించి.

పెంగ్విన్‌పక్షం: నా గొడవే అది! లినక్స్ మాన్యువల్ చేతికిచ్చి విండోస్ ముందు కూర్చోబెట్టింది కాలేజీ. మీరు ఫ్లాగ్ ఇచ్చి ఆ తప్పుని కప్పేస్తున్నారు. అందరూ ఇలా సర్దుకుపోతే ల్యాబ్ ఎప్పటికీ మారదు.

స్వరూప_ఈసీఈ: ఆ మాట ముందే అనుంటే ఇంత రభస ఉండేది కాదు. కాలేజీని తిట్టండి, నేనూ వస్తా. కానీ ల్యాబ్ మారేలోపు మా బ్యాచ్ బయటికి పోతుంది. అప్పటిదాకా మా మార్కులతో పోరాటం చేయమంటే ఎలా?

రెండోబెంచి: కోడ్‌కూలి అన్నా, లింక్ అయింది! కానీ ఇంకో మెషీన్‌లో 'ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్ క్లోజ్' అని ఆగిపోతోంది. నా దాంట్లో అది వార్నింగే.

కోడ్‌కూలి: ఆ మెషీన్‌లో జీసీసీ 14 లేదా ఆ పైది ఉండుంటుంది. 2024లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి అది ఎర్రరే. నీ దాంట్లో బిల్డ్ అయిందని మురిసిపోకు. ఆ క్లోజ్ ఫైళ్ళకి, సాకెట్‌ని మూయదు. క్లోజ్‌సాకెట్ అని మార్చు.

పెంగ్విన్‌పక్షం: చెప్పానా, ఇక్కడితో అయిపోదని.

స్వరూప_ఈసీఈ: చెప్పారు సార్. హెచ్ఓడీకి లెటర్ రాస్తున్నాం, ల్యాబ్‌లో లినక్స్ ఎందుకు కావాలో నాలుగు ముక్కలు రాసిస్తారా?