సర్పి, హెర్పిస్ ఒకే మాటా?

రేణిగుంట జంక్షన్: నాయనకి నడుము ఎడమ పక్క నీటిపొక్కులు లేచినాయి. డాక్టరు చీటీలో హెర్పిస్ జోస్టర్ అని రాసినారు. అవ్వ చూసి "ఇది సర్పి" అనింది. రెండూ ఒకే మాటేనా? తెలిసినోళ్లు చెప్పండి.

పద్యాల పంతులు: సందేహమెందుకు నాయనా? మన సర్పమే గ్రీకు దేశం పోయి హెర్పిస్ అయింది. వాళ్లకి మొదట్లో వచ్చే 'స' పలకదు. సప్త వాళ్ల నోట్లో హెప్టా కాలేదా?

పలమనేరు పాలకోవా: మా పక్క దీన్ని అక్కి అంటారు. ఇంకొంచెం అవతలికి పోతే కన్నడంలో అక్కి అంటే బియ్యం. చూసుకుని అడగండి.

ఎస్వీయూ పాతకాపు: పంతులుగారూ, స-హ సంగతి నిజమే. "పోయింది" అనేదే తప్పు. సంస్కృతంలో సృప్, లాటిన్‌లో సెర్పెరే, గ్రీకులో హెర్పైన్, మూడింటికీ పాకడమే అర్థం. మూడూ తోబుట్టువులు. ఇంగ్లీషు భాషాపండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పింది ఈ చుట్టరికం గురించే. అక్కని పట్టుకుని అమ్మ అంటే ఎట్లా? పైగా గ్రీకు వైద్యులు పాకే పుండ్లు చాలావాటిని హెర్పిస్ అనేవాళ్లు. చరకసంహితలో విసర్పం అన్నా వ్యాపించేదనే. పేరు పాముది కాదు, పాకడానిది.

పద్యాల పంతులు: జోన్స్ దొర చెప్తేగానీ నమ్మరు! ఒక సెమినార్‌లో నేనీ మాటే అంటే మధ్యలో కూర్చోబెట్టినారు. అదే ఇంగ్లీషులో చెప్పుంటే శాలువా కప్పేవాళ్లు.

ఎస్వీయూ పాతకాపు: శాలువాకీ ధాతువుకీ సంబంధమేంది సామీ?

నగరి కోడలు: మీ అక్కాచెల్లెళ్ల పంచాయితీ ఆపండి. మా అత్తకి నుదుటి మీద లేస్తే, సర్పికి సూది వేయిస్తే పగబడుతుందని ఊర్లో పెద్దోళ్లు ఆపేసినారు. ఎర్రమన్ను పూయించి, మంత్రం వేయించినారు. అది కంట్లోకి దిగింది. ఇప్పుడు ఆ కంటికి మనిషి నీడ మాత్రం తెలుస్తుంది. పేరులో పాము ఉండబట్టే కదా ఇదంతా?

రేణిగుంట జంక్షన్: మా అవ్వా అంతే. తల, తోక కలిస్తే ప్రాణం పోతుందంట. పొద్దున లేస్తానే నాయన చొక్కా ఎత్తి, పొక్కులు ఎంతదాకా వచ్చినాయో జానతో కొలుస్తాంది.

చిత్తూరు నర్సమ్మ: అవ్వకి ఇట్లా చెప్పండి. జోస్టర్ అంటే గ్రీకులో నడికట్టు. అయితే ఇది సగం నడికట్టే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్సే వెన్ను పక్క నరాల గడ్డల్లో దాక్కొని, ఒంట్లో బలం తగ్గినాక ఒక నరం వెంట బయటికొస్తుంది. ఆ నరం ఒక పక్కకే పోతుంది కాబట్టి పొక్కులు ఒంటి నడిమధ్యకి వచ్చి ఆగిపోతాయి. దాటడం అరుదు, దాటినా ప్రాణం పోయేది దానివల్ల కాదు. ఎసైక్లోవిర్ లాంటి మందు పొక్కులు లేచిన 72 గంటల లోపల మొదలుపెడితే మంచిది. నుదురు, ముక్కు కొస మీద లేస్తే ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి పోవాల.

పద్యాల పంతులు: మందు వద్దని నేనన్నానా? ఇంగ్లీషు పేరుంటే సైన్సు, తెలుగు పేరుంటే మూఢనమ్మకం! ఇదే నాకు మండేది.

నగరి కోడలు: నేను తెలుగుని ఏమన్నాను? మా అత్త కన్ను గురించి చెప్పినాను. దానికి మీరింతవరకూ ఒక్క మాట అనలేదు.

చిత్తూరు నర్సమ్మ: ఇంగ్లీషు పేరేం తక్కువ తినలేదులెండి. చీటీలో హెర్పిస్ అని చూసి, సుఖరోగమనుకొని ఇంట్లో దాచిపెట్టి ఆలస్యంగా వచ్చేవాళ్లుండారు. ఆ వైరస్ వేరు, ఇది వేరు.

రేణిగుంట జంక్షన్: అందరికీ దండాలు. మందు రెండోరోజే మొదలైంది. అవ్వ మాత్రం కొలత మానలేదు.

పద్యాల పంతులు: అమ్మా, మీ అత్తగారి విషయం బాధాకరం. కానీ మనం గ్రీకుల దగ్గర అప్పు తెచ్చుకున్నామంటే మాత్రం ఒప్పుకోను.

ఎస్వీయూ పాతకాపు: తెచ్చుకున్నామని ఎవరన్నారు సామీ!