కొబ్బరి ఎండబెట్టే సోలార్ డ్రయ్యర్‌లో తేమ నిలవకుండా ఏం చేయాలి?

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గరి గ్రామం. కొబ్బరి చిప్పలను కళ్లంలో ఆరబెట్టడం మాని, అతినీలలోహిత కిరణాలను తట్టుకునే పాలిథిన్ షీటుతో సొరంగం ఆకారపు సోలార్ డ్రయ్యర్ కట్టించాలనుకుంటున్నాము. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే ఉంటుంది కనుక, దానిని 6 శాతం వరకు దించితేనే నిల్వలో బూజు పట్టదు.

డెల్టాలో ఎండకు లోటు లేదు, చిక్కంతా గాలిలోని తేమతోనే. లోపల వేడెక్కిన గాలి చిప్పల నుంచి నీటిని లాగుతుంది గాని, అది బయటికి పోయే దారి చాలకపోతే సాయంత్రం చల్లబడగానే షీటుకు నీటిబొట్లు పట్టి మళ్లీ కొబ్బరి మీదే పడతాయి. దీనికి పైకప్పున చిమ్నీ సరిపోతుందా, లేక సోలార్ పలకతో తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరా? రాత్రిపూట గాలి రంధ్రాలను మూసివేయాలా, తెరిచే ఉంచాలా?

ముసురు పట్టినా ఆగకుండా ఆరుతుందని ఒక అమ్మకందారు చెప్పారు. ఎండే లేనప్పుడు అదెలాగో నాకు నమ్మకం కలగలేదు. అటువంటి రోజుల్లో కొబ్బరి డొక్కలు (పీచు తొక్కలు) మండించే పొయ్యి వేడిని, పొగ చిప్పలకు తగలకుండా, గొట్టాల ద్వారా లోపలికి పంపే ఏర్పాటును తీర ప్రాంతంలో ఎవరైనా వాడుతుంటే, గొట్టాలను ఎక్కడ అమర్చారో, లోపలి వేడి 60 డిగ్రీలు దాటకుండా ఎలా చూసుకుంటున్నారో దయచేసి వివరించగలరు.