జాజ్ బాస్‌కి ఏ పికప్‌లు వేయిస్తే బాగుంటుంది?

నాది జాజ్ బాస్ తరహా నాలుగు తీగల బాస్ గిటార్, తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండూ సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) రకమే. రెండు వాల్యూమ్‌లూ ఫుల్‌గా పెడితే గొడవ లేదు, కానీ నాకిష్టమైన బ్రిడ్జి పికప్ (తీగలు కట్టే కింది చివర దగ్గరిది) ఒక్కటే వాడదామని రెండోది తగ్గించానో లేదో హమ్ (గుయ్‌మనే రొద) మొదలవుతుంది, సికింద్రాబాద్‌లో మేం ప్రాక్టీస్ చేసే గదిలో ట్యూబ్‌లైట్ల పుణ్యమా అని అది ఇంకా ఎక్కువ. డిమార్జియో మోడల్ జె లాంటి హమ్ రాని రకం వేయిస్తే ఆ ట్రెబుల్ మెరుపు పోతుందా? లేక ఉన్నవాటికే లోపల కాపర్ టేపుతో షీల్డింగ్ (బయటి రొద లోపలికి రాకుండా అడ్డు) చేయిస్తే సరిపోతుందా? వాయించేది వేళ్లతోనే, స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించడం) జోలికి పోను. ఇంకోటి, మామూలుగా బ్రిడ్జి పికప్ కాస్త పొడవు కదా, నావి రెండూ ఒకే సైజు, కొత్తది పట్టకపోతే చెక్క తొలిపించాలా? హైదరాబాద్‌లో ఈ పని తెలిసినవాళ్లుంటే చెప్పండి, మొన్న ఒకాయన సోల్డరింగ్ చూశాక భయమేస్తోంది.