మార్ష్ రెన్: ఒక జాతా, రెండా?

జమ్ముదుబ్బు:
ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో, జమ్ము మధ్య తిరిగే చిన్న పిట్ట మార్ష్ రెన్. పుస్తకాల్లో ఇది ఒకే జాతి. నా లెక్కలో రెండు. తూర్పుదాన్నీ పడమటిదాన్నీ పక్కపక్కన పెట్టినా చూపుకి పెద్దగా తేడా తెలియదు. అదే తెల్ల కనుబొమ, నల్ల వీపు మీద అవే తెల్ల చారలు, అలాగే నిక్కిన తోక. నోరు విప్పితే మాత్రం తెలిసిపోతుంది. పడమటి మగపిట్టకి వందకు పైగా పాటలు వస్తాయి, కొన్నిటికి 200 దాకా. తూర్పుదానికి ఓ 50. పడమటి పాటలో గరగర కూడా ఎక్కువ.

వలసపిట్ట:
పాట విని నేర్చుకునేదే కదండీ. చుట్టుపక్కల ఎన్ని వినబడితే అన్ని వస్తాయి. మన దగ్గర జిల్లా మారితే యాస మారినట్టే. దానికే జాతి వేరంటే ఎలా?

జమ్ముదుబ్బు:
అక్కడే మీతో ఒప్పుకోలేను. పక్షుల పాటలపై పరిశోధించిన డొనాల్డ్ క్రూడ్స్‌మా, ఆయన సహచరులు 1980లలో రెండు వైపుల పిల్లలనూ చేత్తో పెంచి, పాటలు ఒకే తీరుగా వినిపించారు. అయినా పడమటివే ఎక్కువ నేర్చుకున్నాయి. వాటి మెదడులో పాటకు సంబంధించిన భాగాలు కూడా పెద్దవి. అంటే ఆ తేడా పుట్టుకతో వచ్చింది. పైగా కెనడాలోని సస్కాచువాన్‌లో ఒకే చిత్తడిలో రెండు రకాలూ పాడతాయి. పక్కపక్కనే ఉన్నా ఏ మగపిట్ట పాట దాని రకానిదే. యాసే అయితే ఈపాటికి కలిసిపోవాలి.

నీటిఅంచు:
సెడ్జ్ రెన్ సంగతి కూడా చూడండి, అది దీని దగ్గరి చుట్టమే. ఏడాదికో చోటుకి మారుతుంది కాబట్టి పక్కవాటిని అనుకరించదు, పాటలు చాలావరకు సొంతంగా అల్లుకుంటుంది. మధ్య, దక్షిణ అమెరికాల్లోని గ్రాస్ రెన్‌లలో కోస్టారికా, బ్రెజిల్ పిట్టలు పక్కవాటిని అనుకరిస్తాయి. సెడ్జ్ రెన్‌నీ గ్రాస్ రెన్‌నీ ఒకే జాతిగా చూసిన అమెరికా పక్షుల జాబితా 2021లో విడదీసింది. అక్కడ నేర్చుకునే పద్ధతే వేరు. మార్ష్ రెన్‌లో రెండు వైపులా పద్ధతి ఒకటే, లెక్కలోనే తేడా. నేనైతే తొందరపడను.

వలసపిట్ట:
సస్కాచువాన్ పాయింట్ గట్టిదే, కాదనను. కానీ పాడేది మగది, ఎంచుకునేది ఆడది. మగది జమ్ము ఆకులు అల్లి, పక్కనుంచి దారి పెట్టి, ఒకటికి నాలుగు గుండ్రటి గూళ్ళు కడుతుంది. ఆడది వచ్చి చూసుకుంటుంది, నచ్చకపోతే వేరేది కట్టుకుంటుంది. తూర్పు ఆడపిట్ట పడమటి పాట విని అక్కడ దిగుతోందా? రెండూ కలిసే చిత్తడుల్లో పిల్లల డీఎన్‌ఏ చూసి తేల్చాల్సింది అది. మగవాటి రికార్డింగులు ఎన్ని పోగేసినా దీనికి జవాబు దొరకదు.